ఎవరును కూలికి పెట్టుకొననివాడు



మిర్చి కాలములో తెల్లవారుజామున వరంగల్లులోని ఏనుమాముల మార్కెట్టునకు పోయినవారికి ఈ దృశ్యము క్రొత్తది కాదు. ఎఱ్ఱని బస్తాలు వరుసలుగా నిలిచియుండును. వ్యాపారి వచ్చి బస్తాలో చేయి పెట్టి, నాలుగు కాయలు పైకి తీసి, రంగు చూచి, ధర చెప్పి ముందునకు సాగిపోవును. అదే వేళకు పట్టణములో కూలీల అడ్డాలయొద్ద మనుష్యులు సద్దిమూటలతో నిలిచియుందురు. మేస్త్రీ వచ్చి వారిని కూడ అటులనే చూచును. భుజములు చూచును, వయస్సు చూచును. కొందరిని బండి ఎక్కించుకొని పోవును. మిగిలినవారు పది గంటలవరకు నిలిచి ఇంటికి పోవుదురు. మిరపకాయకు మనస్సు లేదు గనుక ధర తగ్గినందుకు అది సిగ్గుపడదు. మనుష్యుడు సిగ్గుపడును. వద్దనబడినవాడు విలువ తగ్గినవాడా? ఈ ప్రశ్న మా సంఘములోని ఒక పెద్దాయన వలన మాకు కలిగినది. ఆయన సంగతి తరువాత చెప్పెదము.

అమెరికాలోని డాలసు నగరమున పనిచేయుచున్న మా సంఘపు కుమారుడొకడు గత క్రిస్మసునకు ఇంటికి వచ్చినప్పుడు అక్కడి ఆట ఒకటి తన ఫోనులో మాకు చూపించెను. దానిని వారు ఫుట్‌బాల్ అందురు గాని, బంతిని తన్నుటకంటె చేతబట్టుకొని పరుగెత్తుటయే అందులో ఎక్కువ. ప్రక్కకు పదునొకండుగురు ఆడుదురు. బంతి విసరువానిని, బంతితో పరుగెత్తువానిని దేశమంతయు ఎరుగును. మా కన్ను వారిమీద నిలువలేదు. అడ్డుకొను జట్టు ముందువరుసలో నేలకు చేయి ఆనించి వంగి నిలుచు భారీ మనుష్యులు కొందరు గలరు. వారిలో 130 కిలోలకు పైబడినవారు అనేకులు. ఆట కదలుటతోనే ఎదుటివారిలో ఇద్దరు ఒకేసారి అట్టివాని మీద పడుదురు. అతడు ఆ ఇద్దరిని తనమీద పెట్టుకొని కదలక నిలిచినయెడల, వెనుకనున్న తనవాడొకడు అడ్డులేక పరుగెత్తిపోయి బంతిగలవానిని పడగొట్టును. చప్పట్లు పడగొట్టినవానికి. లెక్కలోను వాని పేరే.

"మరి ఈయనకేమి దొరుకును?" అని అడిగితిమి.

ఆ కుమారుడు నవ్వి, "ఈ ఏడు ఒక ఊరు, వచ్చే ఏడు ఇంకో ఊరు దొరుకుతది అయ్యగారూ" అనెను.

అక్కడి పెద్ద లీగులో 32 జట్లు కలవు. వేసవిలో ఒక్కొక్క జట్టు 90 మందివరకు చేర్చుకొని, ఆగస్టు చివర 53 మందిని మాత్రము నిలుపుకొనును. అనగా ఒకటి రెండు దినములలో వెయ్యిమందికి పైగా ఇంటికి పొమ్మనబడుదురు. కొందరు సాధన జట్టులోనికి మరల తీసికొనబడుదురు. కొందరిని మరియొక ఊరివారు పిలిచి, నెల దాటకముందే విడిచిపెట్టుదురు. ఇట్లు ఊరూరు తిరుగుచు ఏండ్లు గడిపినవారు గలరు. వారి జీతము పెద్దది, మన అడ్డా కూలితో దానిని పోల్చరాదని మేమెరుగుదుము. గాని "వద్దు" అను మాట మాత్రము రెండు చోట్లను ఒకటే మాట.

మన కబడ్డీ ఈ ఆటకు దూరపు చుట్టము. కూతకు వచ్చినవానిని పట్టుట ఏడుగురి పని. మూలనున్నవాడు కాలు పట్టిన క్షణమున ప్రక్కవాడు నడుము పట్టకపోయిన ఆ పట్టు నిలువదు. అయినను పాయింటు ఒక్కని పేరనే వ్రాయబడును. 2014లో ప్రొ కబడ్డీ లీగ్ మొదలైనప్పటినుండి ఈ ఆటగాండ్లును వేలమునకు వచ్చిరి. వారిలో మంజీత్ ఛిల్లర్ అనునతడు ఢిల్లీ ప్రాంతపు నిజాంపూర్ గ్రామస్థుడు, పట్టుటలో దిట్ట. 2015లో లీగులో ఆ యేటి అత్యంత విలువైన ఆటగాడనిపించుకొనెను, అర్జున పురస్కారమును పొందెను. అంతటివాడును ఒక్కచోట నిలువలేదు. బెంగళూరునుండి పుణెకు, 2017లో జైపూరునకు, 2018లో తమిళ జట్టునకు, తుదకు ఢిల్లీకి. ఐదు జట్లు. పట్టులలో 300 పాయింట్లు దాటియు కప్పు ఎత్తలేదు. 2022 ఫిబ్రవరి 25న ఢిల్లీ జట్టు పట్నాను 37-36తో గెలిచినప్పుడు, అనగా ఆటగానిగా తన కడపటి యేడు, అది ఆయనకు లభించెను. అదే సంవత్సరము మన తెలుగు టైటన్స్ జట్టువారు ఆయనను సహాయ శిక్షకునిగా పిలుచుకొనిరి.

విడిచిన జట్లవారు దుర్మార్గులని మేము చెప్పము. ఏడుగురికే చోటున్నప్పుడు ఎనిమిదవవానికి ఎవరో ఒకరు చెప్పవలెను గదా. మన రైతు సోదరులును నాట్లకు పదిమంది కావలసియుండగా ఇరువదిమందిని పిలువరు. కొనువాడు చెప్పు ధర తన అక్కరకు చెప్పు ధర. వాని అక్కర మారినదే గాని ఇతని చేతిపట్టు మారలేదు. ఇంతవరకు మా వాదము బాగుగనే నడిచినది. గాని పట్టు కూడ మారును. మోకాలు అరుగును, నడుము వంగును. అప్పుడేమందుము? ఇక్కడ మా వాదము కుంటినదని ఒప్పుకొనుచున్నాము.

మత్తయి సువార్త 20వ అధ్యాయములోని ద్రాక్షతోట సంగతి మీరెరిగినదే. గంటసేపు పనిచేసినవానికిని దినమంతయు పనిచేసినవానికిని ఒక్కొక్క దేనారము దొరికెను. యజమానుని దాతృత్వమును గూర్చి మేము దానిమీద పలుమారు ప్రసంగించితిమి. ఈసారి చదువుచుండగా మరియొకటి కనబడెను. సాయంకాలము ఐదు గంటలకు పిలువబడినవారు ఇంటికి పోలేదు. ఉదయమునుండి ప్రక్కవారు ఒక్కొక్కరు పిలువబడి పోవుచుండగా చూచుచు నిలిచియుందురు. తుదివరకు మిగులువారెవరో అడ్డా ఎరిగిన మీకు వేరుగ చెప్పనక్కరలేదు: ముసలివారు, బక్కవారు. యజమానుడు వారి భుజములు చూడలేదు. ఎందుకు నిలిచియున్నారని అడిగెను, తమ్మునెవరును కూలికి పెట్టుకొనలేదని వారు చెప్పిరి. ఆ మాటయే ఆయనకు చాలినది. ఆ దేనారము వారి గంట పనికి ధర కాదు, వారి ఇంటి పొయ్యికి ఒక దినపు కొలత. గంట పని చేసినందుకు పిల్లల ఆకలి గంట మాత్రమే ఉండదు గదా! సణిగినవారు ఎండ కష్టమును సహించినమాట నిజమే. అయితే వారు తెల్లవారగానే పిలువబడినవారు. దినమంతయు వద్దనబడి నిలుచుట ఎట్లుండునో వారెరుగరు.

ఇక మా పెద్దాయన. ముప్పది యేండ్లు అడ్డాకు పోయిన మనిషి. గత సంవత్సరము నడుము వంగినది గనుక ఇక రావద్దని మేస్త్రీ చెప్పెను. ఆ తరువాత మూడు ఆదివారములు ఆయన ఆరాధనకు రాలేదు. మేము ఇంటికి పోయి అడిగితిమి.

"పని లేనోడు ఏ మొఖం పెట్టుకొని వస్తడు అయ్యగారూ? చందా పళ్లెం వచ్చినప్పుడు చేతులు ఏడ పెట్టుకోవాలె?" అనెను.

మేము త్వరపడి రెండు వచనములు చెప్పి ప్రార్థించి లేచితిమి. అది చాలదని మాకే తెలియుచుండెను. గుమ్మము దాటుచుండగా ఆయన భార్య, "మన గుడి పునాదికి రాళ్లు మోసింది ఈయననే. మీకెరుకేనా?" అనెను. మాకు తెలియదు. పండ్రెండేండ్లుగా ప్రతి వార్షికోత్సవమున గోడమీది శిలాఫలకము చూచి దాతల పేర్లు బిగ్గరగా చదువుచున్నవారము మేము.

ఆ ఆదివారమును ఆయన రాలేదు. బుధవారము ప్రొద్దు గూకువేళ, ఎవరును లేనప్పుడు వచ్చెను. రాళ్లు చూపుమని అడిగితిమి. ఈశాన్యపు మూలకు నడిచి, కాలితో మట్టి తొలగించి, "ఇది నలుగురం మోసినం. నడుమ తాడు తెగింది" అనెను. కూలి ఎంత ఇచ్చిరని అడిగితిమి. "కూలి యాదికి లేదు. రాయి యాదికున్నది" అని నవ్వెను. మిగిలిన ముగ్గురి పేర్లు చెప్పుమని జేబులోని పుస్తకము తీసితిమి. అందులో ఇద్దరి పేర్లు ఈ పండ్రెండేండ్లలో మేమెన్నడును వినలేదు. ఒకడు ప్రక్క తండానుండి కూలికి వచ్చినవాడట, మన సంఘమువాడు కాడు. మూడవవాని ఇంటిపేరు పెద్దాయనకు జ్ఞాపకము రాలేదు. భార్యను అడిగి ఆదివారము వచ్చి చెప్పెదనని వెళ్లెను.