మంచి కోసం చెప్పే మాటకైనా శీలం కావాలి



ఆదివారం విహారంలో అందరం కూర్చుని పంచశీల చెప్పుకుంటాం. నాలుగో శీలం, అబద్ధమాడను అనే మాట దగ్గరికి వచ్చేసరికి నాకు ఒక గోడ గుర్తుకొస్తుంది. ఆ గోడ మీద రాసింది నేనే.

నేను బి.ఏ. చదివే రోజులవి. అక్షరాలు బాగా రాస్తానని పేరుండేది. ఎయిడ్స్ మీద ప్రచారం చేసే ఒక సంస్థవాళ్లు గోడరాతలకు పిలిచారు. గోడకింత అని డబ్బులిచ్చేవాళ్లు. పుర్రె బొమ్మ వెయ్యాలి, దాని కింద ఎర్రరంగుతో ‘ఎయిడ్స్ అంటే చావే’ అని రాయాలి. మా వాడలో బోరింగు పక్కనున్న గోడ మీద కూడా అదే రాశాను. జనానికి మంచి చేస్తున్నానని గర్వపడ్డాను కూడా.

ఏడాది తిరక్కముందే వాడలో ఒకాయన చనిపోయాడు. ఆయన భార్యకు రక్తపరీక్ష చేస్తే హెచ్.ఐ.వి. ఉందన్నారు. నేను పిన్నీ అని పిలిచే మనిషి ఆమె. ఆమె బోరింగు దగ్గరికి వస్తే మిగతావాళ్లు బిందెలు తీసి అవతల పెట్టుకునేవాళ్లు. ఆమె నీళ్లు పట్టుకుని వెళ్లాక బోరింగు పిడి కడిగి మరీ ముట్టుకునేవాళ్లు. పెళ్లి భోజనాల దగ్గర ఆమె విస్తరి విడిగా వేశారు.

ఒకరోజు పిన్ని నన్ను ఆపి అడిగింది: “ఏరా అబ్బాయ్, ఆ గోడ మీద రాసింది నువ్వేనటగా. చావు అని రాశావు. బతికున్నదాన్ని, నేనేం చెయ్యాలో రాయలేదేం?”

నా దగ్గర జవాబు లేదు.

1927 మార్చి 20న బాబాసాహెబ్ మహాడ్ చెరువులో దిగి నీళ్లు తాగారు. మనిషి తాకితే నీళ్లు మైలపడవని చెప్పడానికే కదా ఆ పోరాటం! ఆ పోరాటానికి వారసులమని చెప్పుకునే మనం, మన వాడలో, మన బోరింగు దగ్గర, మన మనిషినే అంటరానిదాన్ని చేశాం. దానికి కావలసిన అక్షరాలు నేను రాసిపెట్టాను.

నేను అబద్ధం రాశానా? అప్పట్లో అడిగితే లేదనేవాణ్ణి. ఉచిత మందులు ఇంకా రాలేదు, చాలామంది చనిపోతున్నారు. కానీ కలిసి తిన్నా, ఒకే బోరింగు నీళ్లు తాగినా, చెయ్యి పట్టుకున్నా హెచ్.ఐ.వి. రాదన్న సంగతి డాక్టర్లకు అప్పటికే తెలుసు. ఆ సంస్థకూ తెలుసు. ఆ ముక్క గోడ మీదికి రాలేదు. సగం నిజం చెప్పి మిగతా సగం దాచిపెడితే, ఆ ఖాళీని జనం తమకు అలవాటైన దానితో నింపుకుంటారు. మన దేశంలో అందరికీ అలవాటైంది అంటరానితనమే.

“భయపెట్టకపోతే జనం వింటారా?” అని సంస్థవాళ్లు అనేవాళ్లు. ఇది కొట్టిపారెయ్యాల్సిన ప్రశ్న కాదు. ఇలాంటి ప్రశ్ననే అభయ రాజకుమారుడు బుద్ధుణ్ణి అడిగినట్టు మజ్జిమ నికాయంలో ఉంది. ఎదుటివాళ్లకు నచ్చని మాట తథాగతుడు మాట్లాడతాడా అని అతని ప్రశ్న. అప్పుడు రాజకుమారుడి ఒళ్లో పసిబిడ్డ ఉన్నాడు. ఈ బిడ్డ నోట్లో రాయి పెట్టుకుంటే ఏం చేస్తావని బుద్ధుడు అడిగాడు. రక్తం వచ్చినా సరే, వేలు పెట్టి తీస్తానన్నాడు రాజకుమారుడు. ఎందుకు? బిడ్డ మీద కరుణ ఉంది కాబట్టి. అలాగే నిజమైనదీ, మేలు చేసేదీ అయితే చేదుమాట అయినా సమయం చూసి చెబుతానని బుద్ధుడు వివరించాడు. నిజం కాని మాట మాత్రం వినేవాళ్లకు ఎంత ఇష్టమైనా చెప్పనన్నాడు.

అంటే ధమ్మం చేదుమాటను కాదనలేదు. ఇప్పుడు సిగరెట్ పెట్టెల మీద హెచ్చరిక బొమ్మలు వేస్తున్నారు. చూస్తే భయం వేస్తుంది, వెయ్యాలి కూడా. ఆ భయం చేతిలోని సిగరెట్టు మీద. నా పుర్రె బొమ్మ పుట్టించిన భయం మనిషి మీద. రాయి తియ్యడానికి వేలు పెట్టడం వేరు, బిడ్డనే అవతల పారెయ్యడం వేరు.

భయం తగ్గితే జాగ్రత్త కూడా తగ్గుతుంది కదా అని కొందరికి అనుమానం రావచ్చు. మా వాడలో జరిగింది దానికి తలకిందులు. పిన్నిని ఎలా చూశారో కళ్లారా చూసిన వాళ్లలో, తమకూ ఉందేమోనని అనుమానమున్న మరో ఇద్దరు పరీక్షకే పోలేదు. తెలిస్తే తమ విస్తరి కూడా విడిగా పడుతుందని భయపడ్డారు. రోగాన్ని ఆపాల్సిన మాట రోగాన్ని దాచిపెట్టే మాట అయింది.

చివరికి సున్నం బకెట్టు పట్టుకుని ఆ గోడ దగ్గరికి వెళ్లాను. ఈసారి డబ్బులిచ్చినవాళ్లు లేరు. పిన్ని చెబుతుంటే రాశాను: ‘కలిసి తింటే రాదు. కలిసి నీళ్లు తాగితే రాదు. పరీక్ష చేయించుకోండి.’ అందులో అలంకారం లేదు, మన వాడ మాటే ఉంది. బుద్ధుని మాటల్ని ఛందస్సులో పెడతామని ఇద్దరు భిక్షువులు అడిగితే ఆయన ఒప్పుకోలేదని వినయపిటకం చెబుతుంది. ఎవరి భాషలో వాళ్లకు అందాలన్నదే ఆయన పట్టు.

2004 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఎ.ఆర్.టి. మందులు ఇవ్వడం మొదలుపెట్టింది. అవి మా వైపుకు వచ్చాక పిన్ని వాడింది. ఇప్పుడు మనవణ్ణి వెంటపెట్టుకుని విహారానికి వస్తోంది. నా మొదటి రాత తప్పని ఆమె బతికి చూపించింది. మందులు విడవకుండా వాడి, పరీక్షలో వైరస్ కనిపించని స్థితి నిలబెట్టుకున్నవాళ్ల నుంచి లైంగిక సంబంధం ద్వారా కూడా అది సోకదని ఈ రోజు వైద్యం చెబుతోంది. హెచ్.ఐ.వి. ఉందని ఉద్యోగంలో, చదువులో, వైద్యంలో, అద్దె ఇంటి దగ్గర వివక్ష చూపకూడదని 2017లో చట్టమే వచ్చింది. ఈ మాటలు ఎన్ని గోడల మీద ఉన్నాయి?

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో అబద్ధమాడననేది ఒకటి. ఉద్యమం కోసమనో, ఆరోగ్యం కోసమనో, నిధుల కోసమనో దానికి మినహాయింపు ఇవ్వలేదు. ఇవాళ గోడలు తగ్గి, అందరి చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి. క్షయ గురించి గానీ, మరో జబ్బు గురించి గానీ ఒక బొమ్మ పంపేముందు మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఇది పూర్తి నిజమేనా? దీనివల్ల ఎవరికి మేలు? ఎవరి గురించి చెబుతున్నామో, ఆ మనిషి పక్కనుంటే ఇది గట్టిగా చదవగలమా?

మూడో ప్రశ్న నాకు నేర్పింది మా పిన్ని.