అమావాస్య చీర

అమావాస్యనాడు కొత్త చీర మడత విప్పనిచ్చేది కాదు అమ్మ. దీపావళీ అమావాస్యే కదా అంటే కసిరేది. ఇప్పుడేమో చంద్రకళల ప్రకారం ముస్తాబవ్వమంటున్నారు: పౌర్ణమికి మెరుపులు, అమావాస్యకి నలుపు. అదే మన ప్రకృతిట! చంద్రుడి చక్రం 29.5 రోజులు, నెలసరి 21 నుంచి 35 రోజుల దాకా ఎలాగైనా ఉండొచ్చు.

నాకూ మార్పులున్నాయి, కాదనను. ఆ మూడు రోజులూ ముదురు రంగు చీర కడతాను, కుచ్చిళ్లు వదులుగా పెట్టుకుంటాను. చాలాకాలం అది నా ఇష్టమే అనుకున్నాను. క్లాసులో బోర్డువైపు తిరగడానికి జంకినప్పుడు తెలిసింది, ఆ రంగు మరక భయమని. వదులు కుచ్చిళ్లు మాత్రం నా ఒంటి కోరికే. ఏది ఒళ్లు, ఏది భయం అన్న లెక్క ప్రతి నెలా మళ్లీ మొదటికొస్తుంది.

మొన్న ఆ రోజుల్లోనే లేత పసుపు చీర కట్టుకెళ్లాను. సాయంత్రందాకా కొంగు వెనక్కి లాక్కుంటూనే ఉన్నాను.