పానాల పెట్టెకు హద్దు ఎక్కడ?

దసరాకు ఆయుధపూజలో పానాలకూ పసుపు కుంకుమలు పెడతారు. మరి పూజలందుకునే ఆ పనిముట్లు ఇంట్లో ఎన్ని ఉండాలి? పతంజలి చెప్పిన ఐదు యమాల్లో చివరిది అపరిగ్రహం, అంటే అక్కరకు మించి పోగేసుకోకపోవడం. జైన సన్యాసులు దీన్నే వ్రతంగా పట్టి అన్నీ వదిలేస్తారు. గృహస్థులు మాత్రం తమ ఆస్తికి తామే ఒక హద్దు గీసుకుంటారు. పానాలు కొనే ఇంటివాడికి అక్కరకొచ్చేది ఈ రెండో దారే.

కాంబినేషన్ పానాకు ఒక కొస తెరిచిన నోరు, రెండో కొస రింగు, సైజు ఒకటే. బిగుసుకున్న నట్టును వదులు చేయాల్సింది రింగుతోనే, అది చుట్టూ పట్టుకుంటుంది కాబట్టి. బైకుకూ సైకిలుకూ ఇంటి పనులకూ 8, 10, 12, 13, 14, 17 మిల్లీమీటర్లవి చాలావరకు సరిపోతాయి.

అలాగని చవకగా కొనడమే అపరిగ్రహం కాదు.

మెత్తటి ఇనుముతో చేసిన పానా నోరు నాలుగు బిగింపులకే విచ్చుకుంటుంది. నట్టు మూలలు అరిగి గుండ్రమవుతాయి, చెయ్యి జారి వేళ్ల కణుపులు దోక్కుపోతాయి. చివరికి నట్టూ పానా రెండూ చెత్తలోకే. క్రోమ్ వెనేడియం ఉక్కుతో చేసిన ఆరు మంచి పానాలకు నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టడం లోభం కాదు, వస్తువును వృథా చేయకపోవడం. ఎప్పుడో ఒకసారి కావలసిన 24 పానాను వీధి చివరి మెకానిక్‌ను అడిగి తెచ్చుకుని, తుడిచి తిరిగి ఇచ్చేయవచ్చు.