ఓనమాల ఏడాదిలో ఇంటి చదువు

బడిలో చేరిన తొలి ఏడాది పిల్లలకు ఇంట్లో ఏం నేర్పాలన్న విషయాన్ని నేటి తల్లిదండ్రులు ఎక్కువగా పద్ధతికి సంబంధించిన సమస్యగానే, అంటే ఏ పుస్తకం కొనాలి, రోజుకు ఎన్ని పేజీలు రాయించాలి, ఏ ఆట ఆడించాలి అన్న లెక్కగానే చూస్తున్నారు. దాని అడుగున అంతకంటె చాలా పాతదైన ఒక తాత్త్విక ప్రశ్న ఉంది: చెవిన పడే శబ్దానికి అర్థం ఉందని, ఆ అర్థం ఫలానా అని బిడ్డకు మొదట ఎలా తెలుస్తుంది? అర్థం తెలియడం బోధన వల్ల కలిగే ఫలమా, లేక బోధన మొదలయ్యే నాటికే ఇంట్లో సిద్ధమై ఉండవలసిన ఆధారమా? భారతీయ దర్శనకారులలో మీమాంసకులు, నైయాయికులు ఈ ప్రశ్నను శతాబ్దాల పాటు పట్టు విడవకుండా చర్చించారు. ఆ చర్చలో అడుగడుగునా ఉదాహరణగా కనిపించేది పెద్దల పక్కన నిలబడి వారి మాటలు వింటూ, వారి పనులు చూస్తూ ఉన్న ఒక పసిబిడ్డ.

ఆ శాస్త్రాలలో ఈ ప్రక్రియకు వృద్ధవ్యవహారం అని పేరు. వృద్ధులంటే ఇక్కడ భాష అప్పటికే తెలిసిన పెద్దలు. వ్యవహారమంటే ఒకరు మాట చెప్పడం, విన్నవారు ఆ మాటను బట్టి పని చేయడం. ఇంటి పెద్ద ఒకరు మరొకరితో 'ఆవును తీసుకురా' అంటారు, విన్న మనిషి వెళ్లి ఆవును తోలుకొస్తాడు. పక్కనే ఉన్న బిడ్డకు ఆ మాటల్లో ఒక్కటీ తెలియదు, అయినా శబ్దం వినిపించింది, వెంటనే పని జరిగింది. తాను ఏదైనా చేయబోయే ముందు తనలో ఒక తెలివిడి కలుగుతుందని బిడ్డకు స్వానుభవం వల్ల తెలుసు కాబట్టి, ఆ మనిషిలోనూ అలాంటి తెలివిడే కలిగి ఉంటుందని, అది విన్న శబ్దం వల్లనే కలిగిందని ఊహిస్తుంది. ఈ దశలో మొత్తం వాక్యానికి మొత్తం పని అర్థమని మాత్రమే తెలుస్తుంది. మరోసారి 'ఆవును కట్టెయ్యి' అని, ఇంకోసారి 'గుర్రాన్ని తీసుకురా' అని విన్నప్పుడు, ఒక మాట పోయి మరో మాట చేరినందువల్ల పనిలో ఏది మారిందో, ఏది మారకుండా నిలిచిందో గమనించి, ఏ మాటకు ఏ అర్థమో వేరు చేసుకుంటుంది. ఈ చేర్పులకూ తొలగింపులకూ కలిపి ఆవాపోద్వాపాలని పేరు. అక్షరం ముక్క రాని పసిబుద్ధిలో ఇంతటి అనుమాన శక్తిని గుర్తించి, దాని మీద ఒక భాషాసిద్ధాంతాన్నే నిలబెట్టిన ఆ పండితుల చూపు నేటికీ తల వంచి నమస్కరించదగినది.

ఏడో శతాబ్ది ప్రాంతపు మీమాంసలో ఈ బిడ్డ అనుభవం నుంచే రెండు పక్షాలు పుట్టాయి. కుమారిల భట్టు అనుయాయులైన భాట్టులు పదాలు ముందుగా తమ తమ అర్థాలను విడివిడిగా తెలుపుతాయని, ఆపైన ఆ అర్థాలు ఒకదానితో ఒకటి కూడి వాక్యార్థం ఏర్పడుతుందని అన్నారు, ఇది అభిహితాన్వయవాదం. ప్రభాకరుని అనుయాయులు దీన్ని ఒప్పుకోలేదు. బిడ్డకు పదం ఎన్నడూ ఒంటరిగా ఎదురుకాలేదని, ఎప్పుడు ఎదురైనా ఒక వాక్యంలో, ఒక పనితో ముడిపడే ఎదురైందని, అందువల్ల పదం ఇతర అర్థాలతో కూడిన అర్థాన్నే తెలుపుతుందని వారు వాదించారు, ఇది అన్వితాభిధానవాదం. వాక్యార్థ సిద్ధాంతంగా ఈ రెండింటిలో ఏది నిలుస్తుందన్నది పండితుల మధ్య తెగని వివాదమే అయినా, పసితనంలో నేర్చుకోవడం సాగే క్రమాన్ని చెప్పడంలో ప్రాభాకరుల మాటే నిజానికి దగ్గరగా ఉంది. మూడేళ్ల బిడ్డ 'కంచం' అన్న మాటను అన్నం పెట్టే వేళ, కంచం తెమ్మన్న పిలుపులోనే నేర్చుకుంటుంది.

అయితే బడి సహజంగానే భాట్టుల క్రమంలో నడుస్తుంది. అక్షరాలు, గుణింతాలు, రెండక్షరాల పదాలు, ఒత్తులు, చివరకు వాక్యం అన్న వరుస లిపి స్వభావం కోరేదే కనుక దాన్ని తప్పుపట్టడానికి లేదు. ఇల్లు దీనికి ఎదురు దిశలో నడుస్తుంది: పని నుంచి వాక్యానికి, వాక్యం నుంచి పదానికి. తొలి ఏడాది ప్రత్యేకత ఈ రెండు దారులూ పదం దగ్గర కలుసుకోవడంలో ఉంది. బడిలో 'ప', 'ప్పు' అని కూడబలుక్కున్న బిడ్డ, ఆ రెండూ కలిసి తాను రోజూ డబ్బాలోంచి తీసి ఇచ్చే పప్పే అని ఒక్కసారిగా గుర్తించిన క్షణమే చదవడం. ఇల్లు కూడా తన దారి వదిలి బడి దారిలోనే నడవడం మొదలుపెడితే, అవతలి వైపు నుంచి వచ్చి కలుసుకునేది ఏదీ మిగలదు.

ఇంటి స్థానాన్ని ఇంకేదీ పూరించలేదనడానికి న్యాయశాస్త్రంలోనూ ఆధారం దొరుకుతుంది. విశ్వనాథ పంచాననుడి న్యాయసిద్ధాంతముక్తావళిలో పదశక్తిని, అంటే పదం తన అర్థాన్ని తెలిపే సామర్థ్యాన్ని, గ్రహించే ఉపాయాలుగా వ్యాకరణం, ఉపమానం, నిఘంటువు, ఆప్తుల వాక్యం, వ్యవహారం, వాక్యశేషం, వివరణ, తెలిసిన పదం పక్కన ఉండటం అనే ఎనిమిదీ చర్చకు వస్తాయి. వ్యవహారాన్ని మినహాయిస్తే మిగిలిన ఏడింటిలో ప్రతి ఒక్కటీ కొంత భాష ముందే తెలిసినవారికి మాత్రమే పనికివస్తుంది. ఏ భాషా తెలియని బిడ్డకు మిగిలేది వ్యవహారమొక్కటే, అది మొదట దొరికేది ఇంట్లోనే.

సంప్రదాయం కూడా ఇంటికీ బడికీ మధ్య ఈ సంధిని గుర్తించింది. గృహ్యసూత్రాలు విధించిన సంస్కారాలలో అక్షరాభ్యాసం కనిపించదు. తర్వాతి ధర్మనిబంధన గ్రంథాలు దాన్ని ఐదో ఏట చేయదగినదిగా చేర్చాయి. కౌటిల్యుడి అర్థశాస్త్రం రాజకుమారుడికి పుట్టువెంట్రుకలు తీసిన తర్వాత లిపిని, సంఖ్యానాన్ని, అంటే లెక్కను, నేర్పాలంటుంది. 1823లో బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ మద్రాసు రెవెన్యూ బోర్డుకు పంపిన నివేదికలో, తెలుగు, కన్నడ బడులు రెండూ నడిచిన ఆ జిల్లాలో అక్షరాభ్యాసం ఎలా జరిగేదో వివరంగా ఉంది. బిడ్డకు ఐదేళ్లు రాగానే తల్లిదండ్రులు పంతులునూ, బడి పిల్లలనూ తమ ఇంటికి పిలిచేవారు; అందరూ వినాయకుడి ప్రతిమ చుట్టూ కూర్చునేవారు; పంతులు బిడ్డ వేలు పట్టి బియ్యంలో దైవనామం రాయించేవాడు; మర్నాడు బడి మొదలయ్యేది. బిడ్డ బడికి వెళ్లే ముందు బడే ఇంటికి వచ్చిందన్నమాట. నేడు వసంత పంచమినాడు బాసర జ్ఞానసరస్వతి ఆలయంలో బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకునే తల్లిదండ్రులు కూడా అదే అక్షరాభ్యాసం జరిపిస్తున్నారు. తాను రాస్తున్నది ఏమిటో ఆ బిడ్డకు తెలియదు, కానీ తన చేతి మీద ఉన్న చెయ్యి ఎవరిదో, ఆ పనిని ఇంటివారంతా ఎంత శ్రద్ధతో చేస్తున్నారో తెలుస్తుంది. ఆచారానికి ఫలమేమిటని అడిగేవారికి ఈ మాత్రం తెలియడమే తగిన ఫలమని చెప్పవచ్చు.

బృహదారణ్యకోపనిషత్తులో జనకుడితో మాట్లాడుతూ యాజ్ఞవల్క్యుడు, తల్లి, తండ్రి, ఆచార్యుడు ఉన్నవాడు చెప్పదగినట్టుగా చెప్పారంటూ జనకుడి పూర్వగురువుల బోధలను ప్రస్తావిస్తాడు. తల్లి బతికి ఉండటమే ఈ మాటకు అర్థమైతే అది ప్రశంస కాజాలదు కనుక, శంకరులు తమ భాష్యంలో, మొదట తల్లి చక్కగా అనుశాసనం చేయగా, ఆపైన తండ్రి, ఉపనయనం తర్వాత ఆచార్యుడు అనుశాసనం చేయగా పెరిగినవాడని వివరించారు. అనుశాసనమంటే నడవడిని తీర్చడం. ఇక్కడ ముగ్గురికీ కాలం వేరు, పని వేరు. ఆచార్యుడు వచ్చాక చేసే పనిని తల్లి ముందుగానే చేసిపెట్టాలని ఎక్కడా లేదు.

నేటి ఇళ్లలో ఈ విభజన చెరిగిపోయింది. బడి నుంచి వచ్చిన బిడ్డను మళ్లీ బల్ల ముందు కూర్చోబెట్టి అవే అక్షరాలను అవే గళ్లలో దిద్దించడమే ఇంటి చదువుగా చలామణీ అవుతోంది. కేంద్ర విద్యాశాఖ 2020 నాటి స్కూల్ బ్యాగ్ విధానం రెండో తరగతి వరకు హోంవర్క్ వద్దని చెప్పి ఊరుకోలేదు. దానికి బదులు ఆ పిల్లలు సాయంత్రం ఇంట్లో ఎలా గడిపారో, ఏ ఆటలు ఆడారో, ఏం తిన్నారో మర్నాడు తరగతిలో చెప్పేలా ప్రోత్సహించాలని సూచించింది. ఇది పిల్లల మీద జాలితో ఇచ్చిన సడలింపుగా చాలామంది భావిస్తారు గానీ, నిజానికి ఇంట్లో జరిగిన వ్యవహారాన్ని బడిలో వాక్యంగా మార్చే కఠినమైన అభ్యాసం అది. అయితే చెప్పుకోదగిన వ్యవహారం ఆ సాయంత్రం ఇంట్లో జరిగి ఉండాలి.

అలాంటి వ్యవహారం దొరికే మొదటి చోటు వంటిల్లు. 'నలుగురికీ కంచాలు పెట్టు' అన్న మాట విని నాలుగు కంచాలు పెట్టిన బిడ్డ, 'అమ్మమ్మ కూడా తింటుంది' అన్న మాట విని, ఎవరూ సంఖ్య చెప్పకుండానే ఐదో కంచం తెచ్చినప్పుడు, కూడిక అనే క్రియ గుర్తు లేకుండానే పూర్తయింది. కందిపప్పు డబ్బా తెమ్మనడం, పెసరపప్పు డబ్బా తెమ్మనడం, ఆ డబ్బాల మీద పేర్లు రాసి అతికించడం అచ్చంగా ఆవాపోద్వాపాలే; అక్కడ లిపి తనంతట తానే పనిలోకి దిగుతుంది. పాత కొలపాత్రలు మిగిలి ఉన్న ఇళ్లలో నాలుగు గిద్దలు సోల అని, నాలుగు సోలలు మానిక అని బియ్యం పోసి చూసిన బిడ్డకు, నాలుగు నాలుగులు పదహారన్నది ఎక్కం రాకముందే చేతికి తెలుస్తుంది. వాకిట్లో ఏడు చుక్కలు పెట్టి, ఆపై వరుసల్లో అటూ ఇటూ ఒక్కొక్కటి తగ్గిస్తూ ఐదు, మూడు, ఒకటికి వచ్చే ముగ్గు కూడా అంతే. అష్టాచమ్మాలో నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చమ్మా, నాలుగు గళ్లు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది గళ్లు. గవ్వలు పడిన తీరును సంఖ్యగా, ఆ సంఖ్యను గళ్ల మీది నడకగా మార్చడం ఐదేళ్ల బుద్ధికి చిన్న పని కాదు. ఆటలో ఉన్నందువల్ల అది బరువనిపించదు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు చోటుంది. లెక్క నేర్పడం కోసమే ఆడించే ఆట ఆటేనా? బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో సృష్టిని లీల అన్నప్పుడు, ఏ ప్రయోజనాన్నీ ఆశించని ప్రవృత్తినే లీలగా శంకరులు వివరించారు. ఆ కొలతతో చూస్తే, ప్రతి ఎత్తుకూ 'ఇప్పుడు ఎన్ని?' అని పరీక్ష పెట్టే తల్లిదండ్రుల ఆట ఆట కాదు; పిల్లలు దాన్ని వెంటనే పసిగడతారు కూడా. దీనికి సమాధానం ఆపస్తంబ ధర్మసూత్రాల్లో ధర్మం గురించి చెప్పిన ఉపమానంలో ఉంది: పండు కోసం నాటిన మామిడి చెట్టు వెంట నీడా పరిమళమూ అడగకుండానే వచ్చినట్టు, ధర్మాచరణ వెంట ఇతర ప్రయోజనాలు వస్తాయి. ఇలా వెంట వచ్చే ఫలాన్ని ఆనుషంగిక ఫలం అంటారు. ఇంటి పనిలో చెయ్యి కలపడం, పెద్దలతో ఆడుకోవడం ముఖ్యమై, సంఖ్యా అక్షరమూ ఆనుషంగికమైనప్పుడే ఇంటి చదువు నిలుస్తుంది. ఈ వరుస తలకిందులైతే కంచాలు పెట్టడం కూడా మరో వర్క్‌షీట్ అవుతుంది.

ఛాందోగ్యోపనిషత్తులో శ్వేతకేతువు పన్నెండో ఏట గురుకులానికి వెళ్లి, ఇరవై నాలుగో ఏట వేదాలన్నీ చదివి, గర్వంతో తిరిగి వస్తాడు. అతడు బాలుడు కాకపోయినా, తండ్రి ఉద్దాలకుడు ఇంట్లో మొదలుపెట్టిన బోధ చిన్నపిల్లల తల్లిదండ్రులు నిదానంగా చదువుకోదగినది. మర్రిపండు తెప్పిస్తాడు, పగలగొట్టిస్తాడు, ఏం కనిపిస్తోందని అడుగుతాడు. గింజను కూడా పగలగొట్టించి మళ్లీ అడుగుతాడు. రాత్రి నీళ్లలో ఉప్పు వేయించి, తెల్లవారాక ఆ ఉప్పును తెమ్మంటాడు; అది కనిపించనప్పుడు పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి రుచి చూడమంటాడు. పదిహేను రోజులు ఉపవాసం ఉంచి వేదం చెప్పమంటే కొడుకుకు ఏదీ గుర్తురాదు. భోంచేసి వచ్చాక అంతా గుర్తొస్తుంది. మనస్సు అన్నమయమన్న సిద్ధాంతాన్ని ఉద్దాలకుడు కొడుకు ఆకలితోనే నేర్పాడు. బడి నుంచి ఆకలితో వచ్చిన ఆరేళ్ల బిడ్డను పుస్తకం తీయమనే ముందు ఈ ఒక్క ఘట్టాన్ని తలుచుకున్నా చాలు. మర్రిపండు, ఉప్పునీటి ఘట్టాల్లో పని ముందు, ప్రశ్న తర్వాత, సిద్ధాంతం చివర. పనిచేసే చెయ్యి ఎప్పుడూ కొడుకుదే.

తెలుగు నేలమీద ఈ విచారణ ఒక బాధాకరమైన చోటికి తీసుకువెళ్తుంది. ఇంగ్లీషు మీడియంలో చేరిన బిడ్డకు బడి నేర్పే పదాలకు ఇంట్లో వ్యవహారం లేదు. దాన్ని భర్తీ చేయాలన్న ఆత్రుతతో తల్లిదండ్రులు తమకు పట్టులేని ఇంగ్లీషు ముక్కలను ఇంటి మాటల్లో చొప్పిస్తున్నారు. అందువల్ల ఇంగ్లీషుకు వ్యవహారం ఏర్పడకపోగా, తెలుగుకు ఉన్న వ్యవహారం పలచబడుతుంది. ఇంట్లో తెలుగు నిండుగా సాగి, ప్రశ్నించడం, కారణం చెప్పడం, జరిగింది జరిగినట్టు వరుసగా చెప్పడం ఆ భాషలో అలవడిన బిడ్డకు, రెండో భాషలో వెతుక్కోవలసింది పేర్లను మాత్రమే. అమెరికాలోని తెలుగు కుటుంబాలది దీనికి ఎదురైన స్థితి. వారాంతపు తెలుగు బడుల్లో పిల్లలు వర్ణమాల అంతా నేర్చుకుంటారు. ఇంట్లో తెలుగులో ఏ పనీ జరగకపోతే ఆ అక్షరాలు పట్టుకోవడానికి అర్థం దొరకదు.

కంఠస్థం సంగతి దీనికి కొంత భిన్నం. పిల్లలు పద్యాలను అర్థం తెలియకుండానే వల్లిస్తున్నారని క్యాంప్‌బెల్ ఆనాడే ఫిర్యాదు చేశాడు, ఆ ఫిర్యాదులో నిజం ఉంది. అయినా తాతయ్య పక్కన పడుకుని నేర్చుకున్న సుమతీ శతక పద్యానికి అర్థం పదేళ్ల తర్వాత తెలిసినా నష్టం లేదు. ఆ పద్యం అప్పటికే ఒక మనిషితో, ఒక వేళతో ముడిపడి ఉంది.

ఇంటి చదువును అక్షరాల పనిగా భావించడం వల్ల అందరికంటె ఎక్కువ అన్యాయం జరిగేది చదువురాని తల్లిదండ్రులకు. తమ బిడ్డకు తాము ఇవ్వగలిగింది ఏమీ లేదని వారు నమ్ముతారు. బడి సమావేశాల్లో వెనక వరుసలో నిలబడి, డైరీలో సంతకానికి బదులు వేలిముద్ర వేస్తూ సిగ్గుపడతారు. వృద్ధవ్యవహార సిద్ధాంతంలో పెద్దలకు ఉండవలసిన అర్హత భాష తెలిసి ఉండటం, ఆ భాషతో పని జరిపించడం; లిపి ప్రసక్తి అందులో లేదు. యాజ్ఞవల్క్యుడు మెచ్చిన తల్లికీ అక్షరజ్ఞానం షరతు కాదు. నాట్లకు వెళ్లే తల్లి నారు కట్టలు లెక్కపెట్టి అందించమన్నా, మేకలు తోలుకొచ్చిన తండ్రి ఏ మేక రాలేదో చూడమన్నా, ఆ బిడ్డకు అందుతున్నది ఏ ఖరీదైన పుస్తకమూ ఇవ్వలేని చదువే. ఈ మాటను తొలి సమావేశంలోనే ఆ తల్లిదండ్రులను ముందు వరుసలో కూర్చోబెట్టి, వారి భాషలో చెప్పవలసిన బాధ్యత ఒకటో తరగతి ఉపాధ్యాయులది.