సెలోపెహాదు కూతుళ్ళు, రెండు వారాల న్యాయం

యూదులు తోరాను ఏడాది పొడవునా చదువుతారు. ఆదికాండం నుంచి ద్వితీయోపదేశకాండం దాకా ఐదు పుస్తకాలనూ 54 భాగాలు చేసి, విశ్రాంతి దినమైన శనివారం నాడు ప్రార్థనా మందిరంలో ఆ వారపు భాగాన్ని బిగ్గరగా చదువుతారు. దాన్ని 'పరాషా' అంటారు. సిమ్హత్ తోరా పండుగ నాడు చివరి భాగం ముగించి, వెంటనే మళ్ళీ సృష్టి కథ ఎత్తుకుంటారు. పరిశోధన చేసే రోజుల్లో నేనూ తెలుగు బైబిలు ముందు పెట్టుకుని ఒక ఏడాది ఆ వరుసలో చదివాను. నేను యూదురాలిని కాను. నన్ను కూర్చోబెట్టింది ఆ వరుస. నచ్చిన ఘట్టాన్ని ఏరుకునే వీలు అందులో లేదు. హాగరును ఎడారిలోకి పంపేసిన వారం వస్తుంది, దీనాకు ఒక్క మాటా దక్కని వారం వస్తుంది. మరుసటి ఏడాదీ వస్తాయి. మనల్ని గాయపరిచే గ్రంథాన్ని పక్కన పడేయాలా, మంచి ముక్కలు మాత్రం ఏరుకోవాలా అన్న ప్రశ్న స్త్రీవాద పాఠకులకు కొత్తది కాదు. సెలోపెహాదు కూతుళ్ళ కథ దగ్గర ఆ ప్రశ్న నాకు మరో రకంగా ఎదురైంది.

మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. మనష్షే గోత్రానికి చెందిన ఐదుగురు అక్కచెల్లెళ్ళు. తండ్రి ఎడారిలో చనిపోయాడు. కొడుకులు లేరు. రాబోయే దేశంలో భూమి పంచడానికి అప్పుడే జనాన్ని లెక్కపెట్టారు. లెక్కకు వచ్చింది ఇరవై ఏళ్ళు నిండిన మగవాళ్ళే. ఆ ప్రకారం ఆ ఇంటికి సెంటు భూమి కూడా రాదు. సంఖ్యాకాండం 27వ అధ్యాయంలో ఈ ఐదుగురూ గుడారం గుమ్మం ముందు, మోషే, యాజకుడు, పెద్దలు, సమాజం అంతా చూస్తుండగా నిలబడి అడుగుతారు. తండ్రి తిరుగుబాటుదారుల్లో లేడని ముందే చెప్పేస్తారు. కొడుకు లేనంత మాత్రాన ఆయన పేరు ఎందుకు చెరిగిపోవాలంటారు. తమ హక్కును కూడా తండ్రి పేరు మీదే అడగాల్సి వచ్చింది వాళ్ళకి. మోషే దగ్గర జవాబు లేదు. దేవుణ్ణి అడుగుతాడు. ఆ పిల్లలు చెప్పింది సబబేనని తీర్పు వస్తుంది, అది అందరికీ చట్టమవుతుంది. మోషే చూడలేనిది వీళ్ళ కన్ను చూసిందని 11వ శతాబ్దపు వ్యాఖ్యాత రాషి మెచ్చుకున్నాడు. అయితే చట్టం కొడుకులు లేని ఇంటికే. కొడుకులున్న ఇంట్లో కూతురి ఊసు లేదు.

ఇక 36వ అధ్యాయం. చాలా ఏళ్ళలో ఇది సరిగ్గా మరుసటి వారమే చదవాల్సి వస్తుంది. ఈసారి వచ్చింది వంశపు పెద్దలు. ఈ అమ్మాయిలు వేరే గోత్రంలో పెళ్ళాడితే భూమి బయటికి పోతుందని వాళ్ళ బాధ. వాళ్ళు చెప్పిందీ సబబేనంటుంది తీర్పు. హీబ్రూలో రెండు చోట్లా ఒకటే మాట. ఇష్టమైనవాణ్ణి చేసుకోవచ్చు, కాని తండ్రి గోత్రంలోనే. ఐదుగురూ తండ్రి అన్నదమ్ముల కొడుకుల్ని చేసుకుంటారు. మొదటిసారి అంత స్పష్టంగా మాట్లాడినవాళ్ళు ఇక్కడ నోరు విప్పరు. పుస్తకం అక్కడితో ముగుస్తుంది.

తెలుగు అనువాదంలోని 'గోత్రం' అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. మన ఇళ్ళల్లో సగోత్రం పనికిరాదు, అక్కడ అదే తప్పనిసరి. కాని ఆస్తి గడప దాటకుండా మనవాళ్ళు మేనరికాలు చేయలేదా? నియమం తలకిందులైనా కాపలా కాసేది భూమికే. ఆంధ్రప్రదేశ్ 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమానమైన హక్కు ఇచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన ఆ సవరణే, అప్పటికి పెళ్ళైపోయిన కూతుళ్ళను బయట నిలబెట్టింది. అక్కడా ఇక్కడా ముడి పెళ్ళి దగ్గరే పడింది. 2005 కేంద్ర సవరణ ఆ గీతను చెరిపేసింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలన్న షరతు కూడా లేదని 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తేల్చింది. అయినా 'పసుపు కుంకుమల కింద ఇచ్చాం కదా' అన్న ఒక్క మాటకి హక్కు విడుదల దస్తావేజు మీద సంతకాలు పడుతూనే ఉన్నాయి. మా అమ్మా పెట్టింది. ఎందుకు పెట్టావని అడిగితే "రేపు పుట్టింటికి పోవడానికి దారుండాలి కదే" అంది. ఆ ఐదుగురి మౌనంలోనూ ఈ లెక్క ఏదో ఉండే ఉంటుందని నా ఊహ.

ఈ కథను చదివి వినిపించే గొంతుకూ ఇదే గతి పట్టింది. మందిరంలో స్త్రీలు కూడా తోరా చదవవచ్చని తాల్మూద్ ఒప్పుకుంటుంది. ఆ వెంటనే, సమాజ గౌరవం కోసం చదవకూడదంటుంది. 1922లో న్యూయార్కులో పన్నెండేళ్ళ జుడిత్ కాప్లాన్ మందిరంలో నిలబడి చదివినప్పుడు ఆమె చేతిలో ఉన్నది తోరా చుట్ట కాదు, అచ్చు పుస్తకం. సీనాయి కొండ దగ్గర మోషే జనానికిచ్చిన ఆజ్ఞల్లో స్త్రీల జోలికి పోవద్దన్నది ఒకటి. అంటే అక్కడ 'జనం' మగవాళ్ళేనా అని జుడిత్ ప్లాస్కో 1990లో తన పుస్తకంలో నిలదీసింది. ఆమె తోరాను వదిలిపెట్టి వెళ్ళలేదు. ఆ కొండ దగ్గర తానూ ఉన్నానని పట్టుబట్టింది.

27వ అధ్యాయం ఒక్కటే చదివితే సభల్లో చెప్పుకునే విజయగాథ మిగులుతుంది. 36 ఒక్కటే చదివితే పితృస్వామ్యం మీద మనకు ముందే తెలిసిన తీర్పు మిగులుతుంది. వరుసలో చదివితే ఆ రెంటిలో దేనితోనూ సరిపెట్టుకోలేం. హక్కు ఎలా వచ్చిందో, పెద్దలు ఏ భాషలో దాన్ని వెనక్కి లాగారో రెండూ కళ్ళముందుంటాయి. మన కావ్యాలనూ, మన చట్టాలనూ కూడా ఇలా ఏదీ దాటేయకుండా చదవాలని నాకనిపిస్తుంది.

ఇంకొక సంగతి. ఆ అక్కచెల్లెళ్ళకు భూమి దక్కింది తోరాలో కాదు, దాని తర్వాతి పుస్తకమైన యెహోషువలో. అక్కడా దానంతట అది రాలేదు. మోషేకి వచ్చిన ఆజ్ఞను గుర్తుచేస్తూ వాళ్ళు యెహోషువ ముందు మళ్ళీ నిలబడి అడగాల్సి వచ్చింది. వారం వారం చదివే వరుస మాత్రం అంతదాకా పోదు. మోషే మరణంతో ఆగి మళ్ళీ సృష్టి దగ్గరికి వెళ్ళిపోతుంది. ఏటా వాళ్ళు అడుగుతారు, ఏటా సబబే అనిపించుకుంటారు, భూమి చేతికి రాకముందే పుస్తకం మొదటికి వస్తుంది.