మడియు శుద్ధియు

బాన్సువాడలో తల్లీబిడ్డల ఆసుపత్రి యున్నది. అట్టి చోట నొక తల్లి ప్రసవించి దిగిన బల్లపై మఱియొక తల్లి పరుండును. నడుమ దానిని శుభ్రపఱచు స్త్రీని మనము చూతుమా? మన మడి తాకిన దెవరని విచారించును. ఎట్లు కడిగిరని యడుగదు.

1847లో వియన్నా ప్రసూతిశాలలో సెమ్మెల్వైస్ కనుగొన్న దేమి? శవములను కోసి వచ్చిన వైద్యుల చేతులే బాలింతలకు మృత్యువును మోసికొనిపోవుచుండెను. మంత్రసానుల శాలలో మరణములు తక్కువ. క్లోరిను కలిపిన సున్నపు నీట చేతులు కడిగింపగా చావులు తగ్గెను. అయినను పెద్ద లనేకులు నమ్మరైరి. విద్వాంసుని చేయి మైలపడునా యని కాబోలు!

ఇది దూరదేశపు పాతకథ కాదు. 2022 ఆగస్టు 25న మన ఇబ్రహీంపట్నము సర్కారు దవాఖానలో 34 మంది స్త్రీలకు కుటుంబనియంత్రణ శస్త్రచికిత్సలు జరుగగా, అంటుదోషము సోకి నలుగురు మరణించిరి.

మొదట మురికిని కడిగి, పిదప హైపోక్లోరైటు ద్రావణముతో తడిపి, బల్లను కొన్ని నిమిషములు తడిగానే యుంచవలెను. వెంటనే తుడిచినచో కంటికి శుభ్రమే, క్రిమి చావదు. తరువాతి తల్లి నొప్పులతో గుమ్మమున నిలిచియుండగా ఆ నిమిషములను ఆ పనిమనిషికి ఇచ్చువా రెవరు? ఇయ్యక, కీడు మూడిననాడు ఆమెనే దోషి యనుట న్యాయమా? ముందుగా ఆమెకు చేతితొడుగులైన నిచ్చితిమా యని విచారింపుడు.