అభిరుచికి విధేయత ఉండాలా?

హెవీ మెటల్‌ను ప్రేమించేవాడు జాజ్‌కూ చెవి ఒగ్గితే అది ద్రోహమా? అవుననే అభిమానులున్నారు. వారిని సంకుచితులని కొట్టిపారేయడం సులభమే గాని న్యాయం కాదు. 1970లో బ్లాక్ సబ్బాత్ తొలి ఆల్బం వెలువడినప్పుడు పేరున్న విమర్శకులే దాన్ని ఈసడించారు. పెద్దలు ఛీకొట్టినదాన్ని గుండెకు హత్తుకున్న యువకులు దాని చుట్టూ కంచె కట్టుకున్నారంటే అందులో కొంత ఆత్మగౌరవం ఉంది.

అయితే కంచె లోపలిదంతా అక్కడే మొలిచిందా? ఆ బృందపు గిటారు వాద్యకుడు టోనీ అయోమీ బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీ కార్మికుడు. 1965లో, పదిహేడేళ్ల వయసులో, పని మానుకుంటున్న చివరిరోజునే యంత్రం అతని కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెంపేసింది. అతనిది ఎడమచేతి వాటం. తీగలు నొక్కవలసిన వేళ్లు అవే. ఇక వాయించలేననుకున్న అతనికి ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఒక రికార్డు వినిపించాడు. 1928 నాటి అగ్నిప్రమాదంలో ఎడమచేతి రెండు వేళ్లు చచ్చుబడినా జాజ్ గిటారులో మహావిద్వాంసుడైన జాంగో రైన్‌హార్ట్ రికార్డు అది. అయోమీ ప్లాస్టిక్ కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. సన్నతీగలు బిగించాడు, తరువాత శ్రుతి కూడా దించాడు. మెటల్ బరువైన నాదంలో ఆ గాయానికీ, ఆ జాజ్ రికార్డుకూ వాటా ఉంది. డ్రమ్మర్ బిల్ వార్డ్ జాజ్ వింటూ పెరిగాడు. గాయకుడు ఆజీ ఆస్బర్న్ బీటిల్స్ భక్తుడు.

అలాగని 'నేను అన్నీ వింటాను' అని చాటుకునే వాడిపట్ల నాకు గౌరవం పెరగదు. అతనికి సంగీతం అంగడి సరుకు. ఫోర్‌మన్ ఆ రికార్డు వినిపించింది రకరకాల రుచులు చూపడానికి కాదు, ఎదుటనున్న కుర్రవాడి చేయి చూసి.